ఎకరాల నుంచి గజాలకు

హైదరాబాద్ నుంచి పోచంపల్లికి కారులో అయితే గంటన్నర. నేను సైకిలేసుకుని, మూసీ పక్క ఊళ్ళ మట్టిరోడ్డు పట్టుకున్నాను. కంకర తేలినచోట హ్యాండిల్ చేతిలో నిలవదు; దిగి నడిపించాల్సిందే. అలా నడుస్తుంటే ఓ పెద్దాయన ఆపాడు: "ఎటు పోతున్నవ్ బిడ్డా?"

కారులో ఉంటే ఆ ప్రశ్న నా దాకా వచ్చేదే కాదు.

1951 ఏప్రిల్‌లో వినోబా భావే శివరాంపల్లి సర్వోదయ సభలు ముగించుకుని నడిచే తెలంగాణ పల్లెల్లోకి వెళ్ళారు. భూమి కోసం మొదలైన సాయుధ పోరాటం ఇంకా చల్లారని రోజులు. 18న పోచంపల్లి దళితులు ఆయన్ని 80 ఎకరాలు అడిగారు, సగం తరి, సగం ఖుష్కి. ఊరి భూస్వామి వెదిరె రామచంద్రారెడ్డి 100 ఇస్తానన్నారు. భూదానోద్యమం అలా పుట్టింది. ఆ తర్వాత దేశమంతటా రాసిచ్చిన దానాల్లో చాలావరకు పేదల చేతికి చేరలేదు. అదీ చరిత్రే. కానీ నడిచి వచ్చిన మనిషిని కాబట్టే ఆపి అడగగలిగారు అనిపిస్తుంది నాకు.

"పోచంపల్లికి తాతా" అన్నాను. దారికి రెండు పక్కలా సున్నం కొట్టిన హద్దురాళ్ళు, రంగు జెండాలు. ఎకరమంటే 4,840 గజాలు. ఇక్కడిప్పుడు ఎకరం మాటే లేదు, బేరమంతా గజాల్లోనే.

"ఈ భూమి ఎవరిది తాతా?"

"ఎవరిదో! అప్పుడు కౌలుకు దున్నిన. ఇప్పుడు కావలి ఉంటున్న."

వెంటనే సైకిలెక్కబుద్ధి కాలేదు. కంకర అయిపోయాక కూడా కొంతదూరం నడిపించుకుంటూనే పోయాను.