చల్లనినీటి చేప – మన తుంగభద్ర

పడవను మెల్లగా నడపుచు, వెనుక పొడవైన దారమునకు కట్టిన ఎరను నీటిలో ఈడ్చుచు ట్రౌటు, సాల్మను చేపలను పట్టుటను ఆంగ్లేయులు ట్రోలింగు అందురు. ఇది శీతలదేశపు సరస్సుల వేట. ట్రౌటును మరువలేని దొరలు దానిని దక్షిణాదికిని తేదలచిరి. 1863లో డాక్టరు ఫ్రాన్సిస్ డే చేసిన యత్నము ఫలింపలేదు. 1907లో హెచ్. సి. విల్సను నీలగిరులందలి అవలాంచిలో గ్రుడ్లు పొదిగించు కేంద్రమును నెలకొల్పిన పిమ్మట ఆ చేప అచట నిలదొక్కుకొనినది.

నాడు బళ్లారియు నీలగిరులును మద్రాసు రాజధానిలోనివే. ఏలుబడి యొక్కటే గాని నీరొక్కటి కాదు. ట్రౌటునకు ప్రాణవాయువు మెండుగాగల చల్లని నీరు కావలెను. నీరు వేడెక్కినకొలది ఆ వాయువు తరుగును. ఎండ 40 డిగ్రీలకు చేరు మన సీమలో అది బ్రతుకదు. మన బ్రూస్‌పేటకు దొర పేరు మిగిలినది గాని దొర చేప రాలేదు.

తుంగభద్రకు తన వాలుగలు, జెల్లలు తనకు కలవు. హరిగోలులో కూర్చుండి వల వేయు బెస్తలును కలరు. 1953లో ఆ నదిపై జలాశయము నిండసాగెను. ఆ యేడే అక్టోబరు 1న బళ్లారి మైసూరు రాష్ట్రమున చేరెను; ఆదోని, ఆలూరు, రాయదుర్గము తాలూకాలు ఆంధ్రమునకు పోయెను. మన పెద్దలు ఇల్లు కదలలేదు, సరిహద్దే కదలినది.

కావున తెలుగు ఇచట ట్రౌటువలె తెచ్చి పెంచినది కాదు. కన్నడముతోపాటు ఈ నీటిదే. అయినను నీరు చెడినచో నీటి చేపయు నిలువదు. పిల్లలకు ఇంటనే అక్షరములు దిద్దించి ఆ నీటిని కాపాడుకొనుట మన విధి.