ఫార్ లాప్ మోసిన బరువు

మెల్‌బోర్న్‌కు వచ్చిన కొత్తలో, నవంబరు మొదటి మంగళవారం గుర్రప్పందెం కోసం ఊరంతటికీ సెలవని తెలిసి నవ్వుకున్నాను. మా ఇంట్లో గుర్రప్పందెమంటే కొంపలు ముంచే వ్యసనమే. తర్వాతెప్పుడో పిల్లలతో మ్యూజియానికి వెళితే, అద్దాల పెట్టెలో నిలబెట్టిన ఫార్ లాప్ ముందు ఒక పెద్దాయన టోపీ తీసి మౌనంగా నిలుచున్నాడు. ఒక గుర్రానికి ఇంత గౌరవమెందుకా అని దాని కథ వెతికి చదివాను.

1926లో న్యూజీలాండులో పుట్టిన ఆ గుర్రాన్ని 160 గినీలకు కొన్నారు. దాని వాలకం చూసి యజమాని డేవిస్ శిక్షణకు డబ్బివ్వనన్నాడు. శిక్షకుడు టెల్ఫర్డ్ దాన్ని కౌలుకు తీసుకున్నాడు. మొదటి పందెంలో అన్నిటికన్నా వెనకబడింది. కానీ మొత్తం మీద 51 పందేల్లో 37 గెలిచింది. అవి ఆర్థికమాంద్యం రోజులు. 1932 నాటికి పదిమంది కార్మికుల్లో దాదాపు ముగ్గురికి పని లేదు.

ఇలాంటి పందేల్లో ఒక పద్ధతి ఉంది. మిగతావాటికీ అవకాశం ఉండాలని, గెలిచే గుర్రానికి బరువు పెంచుతారు. 1930 మెల్‌బోర్న్ కప్పుకు మూడు రోజుల ముందు ఎవరో ఫార్ లాప్‌పై తుపాకి పేల్చారు. అది తప్పించుకుని, జాకీతో కలిపి 62 కిలోలకు పైగా మోస్తూ కప్పు గెలిచింది. మరుసటి ఏడు 68 కిలోలు మోయించారు. ఎనిమిదో స్థానంలో వచ్చింది. అయినా జనం దాన్ని వదులుకోలేదు. మోయలేని బరువంటే ఏమిటో వాళ్ళకు తెలుసు మరి!

1932లో మెక్సికోలో గెలిచిన పదహారు రోజులకు, ఏప్రిల్ 5న, కాలిఫోర్నియాలో హఠాత్తుగా చనిపోయింది. కన్నబిడ్డలా సాకిన టామీ వుడ్‌కాక్ చివరిదాకా పక్కనే ఉన్నాడు. చాలా ఏళ్ళకు దాని వెంట్రుకల్లో ఆర్సెనిక్ కనిపించింది గాని, అదెలా చేరిందన్నది నేటికీ వివాదమే. ఇప్పుడు చర్మం మెల్‌బోర్న్‌లో, గుండె కాన్‌బెర్రాలో, అస్థిపంజరం న్యూజీలాండులో ఉన్నాయి.

ఇది చదువుతుంటే మా తాతయ్య గుర్తొచ్చాడు. బండలాగుడు పందేల్లో గెలిచిన ఒంగోలు గిత్త ఒకటి ఆయనకుండేది. ముసలిదైనా అమ్మలేదు. అది పోయిన రోజు ఇంట్లో పొయ్యి వెలగలేదు. "గెలిచిందని కాదురా, మనకోసం లాగింది" అన్నాడు. అప్పుడు నాకు అర్థం కాలేదు.

మొన్న మళ్ళీ మ్యూజియానికి వెళ్ళినప్పుడు, తెలియకుండానే నా చెయ్యి కూడా టోపీ మీదకు పోయింది.