హ్వాల్సే శిథిలాలయము - కడపటి లేఖ

గ్రీన్లాండు దక్షిణతీరమున, కకోర్తోక్ పట్టణమునకు ఈశాన్యదిశను, సముద్రపుఁ బాయ యొకటి కొండల నడుమఁ జొచ్చియున్నది. ఆ పాయ యొడ్డున, కొండవాలున, పైకప్పు లేని యొక ఱాతికట్టడము నిలిచియున్నది. ఇది హ్వాల్సే క్రైస్తవాలయము. తిమింగిలపు దీవి యని యా పేరున కర్థము. పడవ దిగి పచ్చికమీఁద నడచి చేరువానికి దాని తూర్పుగోడ యందలి కమాను కిటికీ నేఁటికినిఁ జెక్కుచెదరక కానవచ్చును. ఆలయము పొడవు సుమారు 16 మీటరులు, వెడల్పు 8 మీటరులు. గోడల మందము సుమారు మీటరున్నర. క్రీ. శ. 14వ శతాబ్ది పూర్వభాగమున దీనిని గట్టిరని పండితుల నిర్ణయము.

కట్టినవారు స్కాండినేవియా జాతివారు. ఎఱ్ఱ ఎరిక్కు వెంట ఐస్లాండునుండి 985 ప్రాంతమున వచ్చినవారి సంతతి యిచ్చటఁ బశువులను మేపుకొని, సముద్రమున వేఁటాడి బ్రదికెను. 1408వ సంవత్సరము సెప్టెంబరు మాసమున నీ యాలయమునందే తోర్‌స్టెయిన్ ఓలాఫ్‌సన్ అను నైస్లాండువాఁడు సిగ్రిద్ బ్యోర్న్స్‌దోత్తిర్ అను నామెను వివాహమాడెను. వివాహమునకు ముందు మూఁడు ఆదివారములు ప్రకటనము జరిగినదని 1409లో గార్దరునందలి మతాధికారులు పత్రము వ్రాసి యిచ్చిరి. 1410లో ఓడవారు గ్రీన్లాండును విడిచిరి. దంపతులు పిమ్మట ఐస్లాండునఁ గాపురముండిరి. వివాహమును గన్నులారఁ జూచినవారు 1414, 1424 సంవత్సరములలో నచ్చట మరల సాక్ష్యమిచ్చిరి. గ్రీన్లాండునందలి యా జనపదమును గూర్చి మనకు దక్కిన లిఖితసాక్ష్యములలో నీ వివాహవృత్తాంతమే కడపటిది.

దీనింబట్టి 1410తోనే యచ్చటి జనము నశించెనని తలఁచుట పొరపాటు. ఆ పత్రములు వెడలిపోయినవారి యవసరమునకై పుట్టినవి. వారు చేరిన దేశముననే నిలిచినవి. వెనుక నుండిపోయినవారి పక్షమున వ్రాయువారును, వ్రాసినదానిని గాపాడువారును లేరైరి. వారి సంగతి మన్ను చెప్పినది. 1921లో పౌల్ నార్లుండు హెర్యోల్ఫ్స్‌నెస్ శ్మశానమును ద్రవ్వింపఁగా దొరకిన యున్నివస్త్రములలోఁ గొన్ని 15వ శతాబ్దికిఁ జెందినవని తరువాతి పరీక్షలవలనఁ దేలినది. అనఁగా లేఖలు ముగిసిన పిదపఁ గూడ నచ్చట మనుష్యులు వస్త్రములు నేసిరి, చనిపోయినవారిని భూమిలో నుంచిరి. 1721లో హాన్స్ ఎగెడె యను మతబోధకుఁడు వారిని వెదకుచు వచ్చునప్పటికి మాత్రము శిథిలములే మిగిలియుండెను.

మనలోను నొక రాజు కడపటి శాసనపు సంవత్సరమునే యాతని పాలనాంతముగా నెంచు నలవాటు కలదు. శాసన మేల పుట్టినది, ఎవ్వరి రక్షణమున నిలిచినది యని ముందు విచారింపవలెను. కడపటి లేఖ దొరకిన యేఁడు కథ ముగిసిన యేఁడని, వేఱు సాక్ష్యము లేక, నిశ్చయింపరాదు.