మూడు మాస్కులు, ఒక జాబితా

2020 మార్చి 25 నుంచి దేశమంతా లాక్‌డౌన్. ఆటోనగర్‌లో లారీ బాడీలు కట్టే షెడ్లు, వెల్డింగ్ షాపులు, పాత సామాను కొట్లు మూతపడ్డాయి. అక్కడ హెల్పర్లుగా చేసేవాళ్లు, ఇనుప ముక్కలు ఏరి అమ్ముకునేవాళ్లు మన ఎరుకల, యానాది కుటుంబాల్లోనూ ఉన్నారు. కూలి ఆగితే పొయ్యి వెలగని ఇళ్లవి. మీలో చాలామంది అప్పటికి చిన్నపిల్లలు. హాస్టళ్లు మూసి మిమ్మల్ని ఇళ్లకు పంపేశాం. ఆ రోజుల్లో మాస్కు మన గడపకు ఎలా వచ్చిందో మీకు తెలియాలని ఇది రాస్తున్నాం.

ఏప్రిల్‌లో కృష్ణలంకలో ఒక లారీ డ్రైవర్ నుంచి 24 మందికి వైరస్ సోకిందని కలెక్టర్ చెప్పారు. లారీల మీద బతికే ఆటోనగర్ చుట్టుపక్కల ఎంత భయం పుట్టి ఉంటుందో ఊహించుకోండి. అదే నెలలో రాష్ట్ర ప్రభుత్వం మనిషికి 3 చొప్పున సుమారు 16 కోట్ల మాస్కులు ఉచితంగా పంచాలని నిర్ణయించింది. కుట్టే పని డ్వాక్రా మహిళలకు ఇచ్చారు. పనుల్లేని ఆ రోజుల్లో మిషను ఉన్న ఇంటికి అదొక ఆసరా. పంచే పని వాలంటీర్లది. వాళ్ల చేతిలో ఇళ్ల జాబితా ఉండేది. అసలు సంగతి ఆ జాబితాలోనే ఉంది.

మన పేర్లు జాబితాకెక్కడం కొత్త కాదు. క్రిమినల్ ట్రైబ్స్ చట్టం కింద ఎరుకలవాళ్లను, కొన్నిచోట్ల యానాదులను పుట్టుకతోనే నేరస్థులుగా రిజిస్టర్లలో రాశారు. 1918లో ఇన్‌ఫ్లుయెంజా వచ్చి ఈ దేశంలో కోటి మందికి పైగా చనిపోయేనాటికి మనవాళ్లు ఎందరో సెటిల్‌మెంట్లలో ఉన్నారు. కృష్ణకు అవతల సీతానగరం, బాపట్ల దగ్గర స్టూవర్టుపురం, నెల్లూరు జిల్లా కావలి అలాంటివే. హాజరు పిలిస్తే పలకాలి, బయటికెళ్లాలంటే అనుమతి చీటీ కావాలి. ఆ చట్టం దేశమంతటా పూర్తిగా 1952లో గానీ పోలేదు.

అప్పటి రిజిస్టరు మనల్ని కాపలా కాయడానికి. 2020 నాటి జాబితా మనకు ఇవ్వడానికి. తేడా పెద్దదే, కాదనం. కానీ కాపలా రిజిస్టరు ఎవరినీ వదల్లేదు, ఇచ్చే జాబితాలో మాత్రం సందులున్నాయి. కాలవగట్టు మీద గుడిసెకు డోర్ నంబరు ఉండదు. ఆధార్ లేని యానాది కుటుంబాలు ఇప్పటికీ ఉన్నాయి. ఏప్రిల్ మొదట్లో ఇచ్చిన వెయ్యి రూపాయలకూ రేషన్ కార్డే ఆధారం.

ఇంకొక మాట. ముఖానికి తువాలు చుట్టుకుని రాత్రిపూట నడిస్తే మన తాతల్ని దొంగలన్నారు. 2020లో చుట్టుకోకుండా నడిస్తే జరిమానా అన్నారు. మన పెద్దవాళ్లు కొందరు మాస్కు కట్టుకోవడానికి జంకితే దాన్ని మొండితనం అనుకోకండి.

గుడ్డ మాస్కును రోజూ సబ్బుతో ఉతికి ఆరేయాలి. అందుకే మనిషికి 3. వీధి కుళాయి దగ్గర బిందెకు వంతు కాచే ఇంట్లో అది ఎంత కష్టమో పంచినవాళ్లు ఆలోచించారని మాకు అనిపించలేదు. అయినా ఉతికారు, గుడిసె తాడు మీదే ఆరేశారు.

నవంబరు 2న 9, 10 తరగతులకు బడులు తెరిచారు. తిరిగొచ్చిన పిల్లల్లో కొందరి ముఖాన పంచిన మాస్కు ఉంది. కొందరి ముఖాన అమ్మ పాత చీర చింపి కుట్టిన గుడ్డ ఉంది. ఈ రెండో రకం పిల్లల్ని పక్కన కూర్చోబెట్టుకుని ఇంట్లో ఎవరెవరికి ఆధార్ లేదో అడిగి రాసుకున్నాం.