ఎడమ చేయి జాగ్రత్త

“రగతం ఇవ్వను. తేలితే ఏటి సేస్తారు? మా అన్నయ్యకి తేలింది కాదేటి?”

గడప మీద కూర్చున్న మనిషికి నలభై ఏడేళ్లు. శ్రీకాకుళం జిల్లా ఉద్దానం ప్రాంతంలోని కవిటి మండలంలో కొబ్బరికాయలు వలిచే కూలీ. వాకిట్లో నిలబడ్డ ఆశా కార్యకర్త అతనికి వరసకు మేనకోడలు. “తేలకపోతే జబ్బు లేకుండా పోద్దా మామా?” అంటుంది ఆమె. అతను మొహం తిప్పుకున్నాడు. లోపలి నుంచి భార్య వచ్చి, “నువ్వెళ్లమ్మా, రేపు నాను తోలుకొస్తాను” అంది. తోలుకొచ్చింది కూడా.

ఈ గాథలో పేర్లు రాయడం లేదు. ఇది ఒక్క ఇంట్లో జరిగింది కాదు. ఉద్దానం పల్లెల్లో కిడ్నీ జబ్బు ఎలా ముదురుతుందో, తెర మీది వైద్యం అక్కడిదాకా చేరితే ఏమవుతుందో ఒక్క మనిషి మీదుగా చెప్పడానికి కూర్చిన కథ.

అతని మొండితనం వెనక అన్న చావు ఉంది. ఆ అన్న ఒక రాత్రి ఊపిరాడక కూలబడితే, 200 కిలోమీటర్లకు పైగా ఉన్న విశాఖపట్నం తీసుకెళ్లారు. అప్పటికే రెండు కిడ్నీలూ చేతులెత్తేశాయి. మెడలో గొట్టం వేసి ఆ రాత్రే డయాలసిస్ చేశారు. ఆ గొట్టానికి చీము పట్టింది. వైద్యానికి జీడి తోట అమ్మారు. మిగిలిన కొబ్బరి చెట్లను 2018 అక్టోబరు 11న పలాస దగ్గర తీరం దాటిన తిత్లీ తుఫాను పడగొట్టింది. ఆ మరుసటేడు అన్న పోయాడు. జబ్బు బయటపడడమూ మనిషి పోవడమూ ఒకటేనని తమ్ముడి మనసులో అలా పాతుకుపోయింది. అతన్ని మూర్ఖుడనడానికి నాకు నోరు రాదు.

ఉద్దానంలో ఈ జబ్బు తీరే వేరు. పెద్దవాళ్లలో దాదాపు ఐదుగురిలో ఒకరికి కిడ్నీలు దెబ్బతిన్నాయని ఇంటింటి సర్వేలు తేల్చాయి. నీళ్లా, పురుగుమందులా, ఎండలో ఒళ్లు ఎండిపోయే పనా, అసలు కారణం ఇదీ అని ఇప్పటికీ రుజువు కాలేదు. చాలామందికి షుగరు ఉండదు, మొదట్లో బీపీ కూడా ఉండదు. కాళ్లు వాయవు. మూత్రంలో ప్రోటీను అంతంతమాత్రమే పోతుంది కాబట్టి మూత్రంలో పట్టీ ముంచి చూస్తే దొరక్కుండా తప్పించుకోవచ్చు. రక్తంలో క్రియాటినిన్ చూడాల్సిందే. అందుకే ఇక్కడ బడికెళ్లని ముసలమ్మ కూడా “మా పెద్దోడికి నాలుగు” అని లెక్క చెబుతుంది.

అతనికి 3.1 వచ్చింది. మామూలుగా 1.2 దాటకూడదు.

గ్రామ ఆరోగ్య కేంద్రంలో నర్సమ్మ ట్యాబ్ తెరిచి, వీడియోలో డాక్టరుకు చూపించే ఈ-సంజీవని వరసలో పేరు పెట్టింది. కేంద్ర ప్రభుత్వం ఈ సేవను 2019 నవంబరులో మొదలుపెట్టింది. 2020 మార్చిలో టెలీమెడిసిన్‌కు దేశవ్యాప్త మార్గదర్శకాలు వచ్చాయి. ఈ-సంజీవనిని తొలినాళ్లలోనే విస్తారంగా వాడుకున్న రాష్ట్రాల్లో ఆంధ్రప్రదేశ్ ఒకటి. అటువైపు విశాఖలో కిడ్నీ డాక్టరమ్మ కనిపించింది.

“మీరు వాడే మాత్రలన్నీ తెచ్చారా? ఒక్కొక్కటీ చూపించండి.”

భార్య ప్లాస్టిక్ కవరు ముడి విప్పింది. బీపీ బిళ్లలు, గ్యాసు బిళ్లలు, పసరు మందు పొట్లం. వాటితోపాటు రెండే మాత్రలు మిగిలిన ఒక పట్టీ.

“ఇది దేనికి?”

“ఒల్లునొప్పులకమ్మా. పొద్దల్లా కాయలు వలవాల. ఆరెంపీ ఇచ్చాడు. సాయంత్రం ఒకటి ఏసుకుంతాను.”

“ఎన్నాళ్ల నుంచి?”

అతను భార్య వైపు చూశాడు. “గుంటడు ఇస్కూలుకెళ్లిన కాడి నుంచి” అంది ఆమె. ఆ గుంటడికిప్పుడు ఇరవై రెండేళ్లు.

డాక్టరమ్మ గొంతు పెంచలేదు. ఆ బిళ్ల కిడ్నీకి వెళ్లే రక్తాన్ని తగ్గిస్తుందని, ఇప్పటికే దెబ్బతిన్న కిడ్నీకి అది విషమని చెప్పింది. ఆ రోజు నుంచే మానమంది. నొప్పి భరించలేకపోతే పారాసెటమాల్ వేసుకోమంది. పసరు మందూ వద్దంది. “కనురెప్ప కిందికి లాగి చూపించమ్మా” అని నర్సమ్మనడిగింది. రెప్ప లోపల తెల్లగా పాలిపోయి ఉంది. అంతలో బొమ్మ ఆగిపోయింది. నర్సమ్మ తన ఫోన్ తీసి నంబరు కలిపింది. మిగతాదంతా మాటల మీదే నడిచింది.

పెట్టేసే ముందు డాక్టరమ్మ రెండు మాటలు చెప్పింది. ఒకటి నర్సమ్మకు: “ఇతని ఎడమ చేతికి ఇకమీదట ఎవరూ సూది గుచ్చకూడదు. కార్డు మీద ఎర్ర సిరాతో రాయండి.” రెండోది అతనికి: “కొబ్బరి నీళ్లు తాగకండి.” ఈ రెండో మాటకు అతను విస్తుపోయాడు. కొబ్బరి తోటల్లో పుట్టి పెరిగినవాడు, నీరసమొస్తే బొండం కొట్టుకోవడం తప్ప మరో మందు ఎరగడు. కొబ్బరి నీళ్లలో పొటాషియం ఎక్కువ. కిడ్నీ బయటికి తోయలేని పొటాషియం గుండెను ఆపగలదు.

టెలీవైద్యం అనగానే అందరూ తెర మీది డాక్టరును చూస్తారు. నేను తెర ఇవతల కూర్చున్న నర్సును చూడమంటాను. బీపీ కొలిచేది ఆమె, రెప్ప లాగి చూపేది ఆమె, రక్తహీనతకు ఇంజెక్షన్ చేసేది ఆమె, రాని మనిషి కోసం ఆశాను ఇంటికి పంపేది ఆమె. అలాంటి మనిషి లేని ఊరికి ట్యాబ్ పంపి వైద్యం అందించామంటే నేను ఒప్పుకోను. రక్తపరీక్ష ఫలితం అదేరోజు చేతికి రాకపోతే వీడియోలో జరిగేది పరామర్శే.

అతనికి కలిసొచ్చింది కూలి. ఇదివరకైతే ఒకసారి విశాఖ వెళ్లి రావాలంటే తన కూలి పోయేది, తోడొచ్చిన భార్య కూలి పోయేది, ఛార్జీలు అదనం. అన్న మధ్యలో వైద్యం మానేసింది అందుకే. ఇప్పుడు నడిచి వెళ్లే దూరంలో కేంద్రం ఉంది, మధ్యాహ్నానికి పనిలో ఉంటాడు. ఏడాది గడిచినా క్రియాటినిన్ నంబరు నాలుగు దాటలేదు.

ఆ మే నెలలో విరేచనాలు పట్టుకున్నాయి. నీళ్లు పోతున్నాయని చుట్టాలు వరసగా బొండాలు తాగించారు. బీపీ బిళ్ల మామూలుగానే వేసుకున్నాడు. మూడో రోజు మంచం మీద నుంచి కాళ్లు దింపలేకపోయాడు. భార్య కబురుకు పరుగున వచ్చిన నర్సమ్మ నాడి పట్టుకుని చూసింది: నిమిషానికి 42. అక్కడే ఫోన్‌లో వీడియో కలిపింది.

“కాలెత్తమనండి.” ఎత్తలేకపోయాడు. “ఏం తాగాడు?” భార్య చెప్పింది.

ఇక డాక్టరమ్మ తెర మీద వైద్యం చేయలేదు. “108 పిలవండి. పలాస. నేను అక్కడికి ఫోన్ చేస్తున్నాను, ఇంజెక్షన్ సిద్ధంగా ఉంటుంది.” పలాసలో 200 పడకల కిడ్నీ ఆసుపత్రి 2023 డిసెంబరు 14న ప్రారంభమైంది. అన్న నాటికి అది లేదు. ఇంచుమించు గంట దారి. గుండెను కాపాడే కాల్షియం ఇంజెక్షన్ అతను స్ట్రెచర్ మీద ఉండగానే ఎక్కించారు. తెల్లారేసరికి పొటాషియం దిగింది. డయాలసిస్ దాకా పోలేదు. ఒంట్లో నీరు పోతున్నప్పుడు అతను వేసుకునే రకం బీపీ బిళ్ల ఆపాలని ఆ తర్వాత నర్సమ్మ ఊళ్లో కిడ్నీ రోగులందరి కార్డుల మీదా రాసింది.

రెండో ఏడు చివరికి నంబరు 4.8 అయింది. వీడియోలో అతనే అడిగాడు: “ఐదు దాటితే మిషనుకి ఎక్కాలంత గదమ్మా?”

“నంబరు ఒక్కటే చూసి ఎక్కించను. మీకు ఆకలి ఎలా ఉంది, ఊపిరి ఎలా ఉంది, అన్నీ చూసి చెబుతాను. కానీ చెయ్యి ఇప్పుడే సిద్ధం చేసుకుందాం.”

ఎడమ మణికట్టు దగ్గర ధమనినీ సిరనూ కలిపి ఫిస్టులా వేశారు. సూదుల దెబ్బ తగలని సిర కనుక సులువుగా కుదిరింది. అది లావెక్కి డయాలసిస్ సూదికి పనికొచ్చేదాకా వారాలు పడుతుంది, ఆ వారాలు అతని చేతిలో ఉన్నాయి. రోజూ పొద్దున్నే భార్య దాని మీద వేళ్లు ఆనించి చూస్తుంది. జివ్వుమంటే రక్తం పారుతున్నట్టు. ఆగితే వెంటనే ఫోన్ చేయాలి. ఇంకా మిషను ఎక్కలేదు. బరువు పనులు వదిలేసి కొబ్బరి కొట్టులో లెక్క చూసే పనికి కుదిరాడు.

సంక్రాంతికి హైదరాబాద్ నుంచి కొడుకొచ్చాడు. మేనకోడలు వాకిట్లోకి రాకముందే తండ్రే వాణ్ణి కేంద్రానికి నడిపించుకెళ్లి కుర్చీలో కూర్చోబెట్టాడు. నంబరు 0.9 వచ్చింది. నర్సమ్మ నవ్వుతూ ఆ కాగితాన్ని కెమెరాకు చూపించింది. డాక్టరమ్మ మాత్రం వెంటనే వదల్లేదు.

“ఏం పని చేస్తావు?”

“సెంట్రింగు మేడమ్. బిల్డింగు పని.”

“ఎండలో నీళ్లు ఎన్నిసార్లు తాగుతావు?”

“మధ్యాహ్నం అన్నం కాడ ఒకసారి.”

“ఒళ్లు నొప్పులొస్తే?”

వాడు తండ్రి వైపు చూసి, చొక్కా జేబులోంచి ఒక బిళ్లల పట్టీ తీసి కెమెరా ముందు పెట్టాడు.