అరిగిన ఇంజనుకు ఆయువు

ధర్మవరము నుండి పెనుకొండ, హిందూపురముల మీదుగా బెంగుళూరునకు పోవు రైలుమార్గము పంతొమ్మిదవ శతాబ్ది చివర సదరన్ మరాఠా రైల్వే వారి నిర్వహణలో నడచెను. ఆ కాలపు పొగబండ్లలో ఇరుసులను మోయు బేరింగులు అరిగినచో పారవేయువారు కారు. తెల్లలోహమును కరగించి పోసి, గీకి సరిపెట్టి, మరల బిగించెడివారు. తగరము ప్రధానముగా గల అట్టి లోహముతో బేరింగులు చేయు పద్ధతికి అమెరికాలో ఐజాక్ బాబిట్ 1839లో పేటెంటు పొందెను. మెత్తనిది తాను అరిగి, విలువైన ఉక్కు ఇరుసును కాపాడును. ఇదియే ఇందలి సూత్రము.

మోటారుకారునకు వైద్యమును ఈ త్రోవలోనిదే. ఇంగ్లండులో 1945 మొదలు 1949 వరకు తయారైన ఎం.జి. టి.సి. అను స్పోర్ట్స్ కారును తీసికొందము. దాని ఇంజను 1250 సి.సి.; సిలిండర్లు నాలుగు; ఒక్కొక్కదాని వ్యాసము 66.5 మిల్లీమీటర్లు. పిస్టను రింగుల రాపిడికి సిలిండరు పైభాగము ఎక్కువగా అరుగును. ఏలయన, అచ్చట వేడిమియు ఒత్తిడియు హెచ్చు, నూనె తక్కువ. అరిగిన సిలిండరు గుండ్రదనము కోల్పోవును; నూనె పైకెక్కి మండును; పొగగొట్టము నీలిపొగ వెడలించును. అప్పుడు క్రొత్త రింగులు మాత్రము వేసిన ప్రయోజనము స్వల్పము. సిలిండరును బోరింగు చేసి, పెద్ద కొలత పిస్టన్లు వేయవలెను. కాని ప్రతి బోరింగునకు గోడ పలుచనగును. ఇక తొలువ వీలులేనప్పుడు ఇనుప స్లీవు దిగవేసి, మొదటి కొలతకు తేవచ్చును.

ఈ విద్య మన దేశమున లేమిలో పదును తేలినది. జనరల్ మోటార్సు వారు 1928లో బొంబాయిలో కార్లు బిగించుట ప్రారంభించిరి. విడిభాగములు ఇచ్చటనే తయారుచేయ సంకల్పించిన వారికే అనుమతియని ప్రభుత్వము 1953లో నిర్ణయింపగా, ఆ కర్మాగారము 1954లో మూతపడెను. దిగుమతులు తగ్గినవి, విదేశపు కార్ల భాగములు దుర్లభమైనవి. అంతట లేతు యంత్రము ముందు నిలిచిన పనివాడే దిక్కైనాడు. పుస్తకములో లేని బుష్షును తానే తిరుగబట్టి చేసెను.

నేడు పెనుకొండ చెంత ఎర్రమంచిలో కియా కర్మాగారమున్నది. 2019లో అచ్చట ఉత్పత్తి మొదలైనది. క్రొత్త కారునకు అరిగిన భాగము బదులు మరియొకటి అంగడిలో దొరకును. పాతదానికి ఆ భాగ్యము లేదు. దాని సిలిండర్ల దిమ్మ పగిలినచో, బండి తన పుట్టుకనే కోల్పోవును.

కావున పాత బండి గలవారికి మేము చెప్పునది ఒక్కటే: ముందు మైక్రోమీటరుతో కొలువుడు, పిదప కోయుడు. అరిగినదానికి లోహము చేర్చవచ్చును. తొందరపడి కోసినది తిరిగి రాదు. ఆ కొలత తెలిసిన చేతులు పల్చబడుచున్నవి. బండితోపాటు వారి విద్యయు నిలుపుకొనవలసిన సొత్తే.