ర్యాంకు, బ్రాంచి, జనరల్ గ్రాంట్

మా పిన్ని కొడుకు చెన్నైలో ఆర్మీ ఆఫీసర్ల శిక్షణ అకాడమీలో ఉన్నాడు. షార్ట్ సర్వీస్. పదేళ్ళ తర్వాత బయటికి రావచ్చు. మొన్న ఫోన్ చేసి, “అన్నయ్యా, ఛాయిస్‌లు రాసివ్వాలి. సిగ్నల్స్ పెట్టనా, ఇన్‌ఫంట్రీ పెట్టనా? తర్వాత నీలాగా ఐటీలోకి రావాలంటే ఏది నయం?” అన్నాడు. “సిగ్నల్సే, ఇందులో ఆలోచించేదేముంది” అనేశాను. ఎంసెట్ కౌన్సెలింగ్ రోజున మావాళ్ళు నాతో మాట్లాడిన గొంతు అదేనని ఫోన్ పెట్టేశాక తట్టింది. నేను సివిల్ చదవాలనుకున్నవాణ్ణి. ర్యాంకు బాగా వచ్చింది గనక కంప్యూటర్స్‌లో చేరాను.

ర్యాంకుని బట్టి బ్రాంచి అనేది మన కౌన్సెలింగ్ హాళ్ళలో పుట్టిన పద్ధతి కాదు. 1817లో వెస్ట్ పాయింట్ సైనిక అకాడమీకి సూపరింటెండెంట్‌గా వచ్చిన సిల్వేనస్ థేయర్, కేడెట్లందరికీ మార్కుల వరస కట్టాడు. పైవాళ్ళు ఇంజనీర్ల దళానికి, ఆ తర్వాతివాళ్ళు ఫిరంగి దళానికి, కిందివాళ్ళు ఎక్కువగా కాల్బలానికి. మన కాటన్ దొర చదివిన ఆడిస్కంబ్‌లోనూ ఇంజనీర్లయ్యేది పైవరసవాళ్ళే.

అమెరికాలో ఆ వరసకి బయట కూడా విలువుండేది. కాలవలు తవ్వాలి, రైలుదారులు వెయ్యాలి. చదువుకున్న ఇంజనీర్లు తక్కువ. 1846లో తన బ్యాచిలో రెండోవాడిగా వచ్చిన జార్జ్ మెక్లెల్లన్ ఇంజనీర్ల దళంలో చేరాడు, 1857లో రాజీనామా చేసి ఇల్లినాయ్ సెంట్రల్ రైల్వేకి చీఫ్ ఇంజనీరయ్యాడు.

1843 బ్యాచిలో 39 మందిలో 21వ వాడు యులిసీస్ గ్రాంట్. అడిగింది అశ్వదళం, వచ్చింది కాల్బలం. లెక్కల మాస్టారు కావాలని కూడా ఉండేది. మెక్సికో యుద్ధంలో క్వార్టర్‌మాస్టర్ పని ఇచ్చారు: కంచరగాడిదలు, గుడారాలు, పిండి బస్తాలు. ఈ రోజుల్లో దాన్ని సప్లై చెయిన్ అంటాం, మంచి జీతమిస్తాం. 1854లో సైన్యం వదిలాక ఆ విద్యకి గ్రాంట్‌కి గిరాకీ దొరకలేదు. వ్యవసాయం చేశాడు, సెయింట్ లూయిస్‌లో కట్టెలమ్మాడు, 1860లో గెలీనాలో నాన్నగారి తోళ్ళ కొట్లో చేరాడు.

తర్వాతి కథ తెలిసిందే. అంతర్యుద్ధంలో మెక్లెల్లన్ని 1862లో లింకన్ పక్కన పెట్టాడు, 1864లో సైన్యమంతా గ్రాంట్ చేతికొచ్చింది. లక్షమందికి తిండీ తూటాలూ ఎలా చేరతాయో ఎరిగినవాడు కావడం అతని గెలుపులో పెద్ద భాగమని నా అభిప్రాయం. అయితే దీన్ని నీతికథ చెయ్యలేను. యుద్ధం రాకపోతే గ్రాంట్ ఆ కొట్లోనే ఉండిపోయేవాడేమో. యుద్ధాన్ని నమ్ముకుని కెరీర్ ప్లాన్ చేసుకోమని తమ్ముడికి ఎలా చెప్తాం?

నాకు ఇంకా పనికొచ్చినవాడు జార్జ్ విజ్లర్. కాగితం మీద ఫిరంగి దళం. చేసింది మాత్రం సర్వే పని; అక్కణ్ణించి బాల్టిమోర్-ఒహాయో రైలుదారికి అరువెళ్ళాడు. 1833లో సైన్యం వదిలాడు. 1842లో పీటర్స్‌బర్గ్-మాస్కో రైలుదారి కోసం జార్ చక్రవర్తి పిలిపించుకున్నాడు. అతనితో బయటికొచ్చింది దళం పేరు కాదు, చేతికొచ్చిన పని.

నిన్న తమ్ముడికి మళ్ళీ ఫోన్ చేశాను. “పదేళ్ళ తర్వాత మా ఐటీ ఎలా ఉంటుందో నాకే తెలీదు. అక్కడ రోజూ చెయ్యబోయే పని ఏదో కనుక్కుని, అది నచ్చితే రాయి” అన్నాను. కాసేపు ఏమీ మాట్లాడలేదు. తర్వాత, “నాకు ఇన్‌ఫంట్రీయే ఇష్టం అన్నయ్యా, నువ్వు తిడతావని అడిగాను” అన్నాడు.